మందు కొట్టిన పెరట్లో హమ్మింగ్‌బర్డ్ నిలవదు

ప్రశ్న: నమస్కారమండీ. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఇల్లు కొనుక్కుని 3 ఏళ్లయింది. పెరడు 40 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. ఒక మూల ఓక్ చెట్టు, మిగతాదంతా పచ్చిక. ఆగస్టు చివర్లో ఒక హమ్మింగ్‌బర్డ్ వచ్చింది. మా ఆరేళ్ల పాప ఆనందం చెప్పలేను. వెంటనే ఫీడరూ, అందులో పోసే ఎర్ర ద్రవమూ కొన్నాను. ముద్ద మందారం, గులాబీ, కాగితం పూల కుండీలు తెచ్చి పెట్టాను. పిట్ట రెండు రోజులు కనిపించింది. ఒక్కో పువ్వు దగ్గర క్షణం ఆగి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. పుస్తకంలో బొమ్మలాగా దాని గొంతు ఎర్రగా లేదని పాప అంటోంది. గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మ ఇది మన తేనెపిట్టేనని, పంచదార కంటే బెల్లం నీళ్లు పెడితే మంచిదని అంటోంది. అక్టోబరు చివర అమ్మ తిరిగి వెళ్లేలోపు ఒక చిన్న తోట వేయాలని ఉంది. మా కాలనీ సంఘం ఒప్పుకుంటుందో లేదో తెలియదు. అన్నట్టు, నెలకోసారి దోమల మందు కొట్టేవాళ్లు వస్తారు. దానివల్ల ఇబ్బంది ఏమైనా ఉందా?
— ఒక పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: అమ్మా, మీరు చివర్లో "అన్నట్టు" అంటూ అడిగిన మాటతోనే మొదలుపెడతాను. మీ తోటకు అసలు అడ్డంకి అదే.

హమ్మింగ్‌బర్డ్ పూలలో మకరందం తాగి బతుకుతుందని అందరూ అనుకుంటారు. అది సగమే నిజం. మకరందం దానికి ఎగరడానికి కావలసిన శక్తినిస్తుంది. కండ పట్టడానికీ, ఈకలు రావడానికీ, పిల్లలు ఎదగడానికీ కావలసిన మాంసకృత్తులు మాత్రం పురుగుల నుంచే రావాలి. సన్నటి ఈగలు, చిన్న దోమలు, పేనుబంక, బుల్లి సాలీళ్లు దాని రోజువారీ ఆహారం. గూట్లో పిల్లలకు తల్లి పెట్టే తిండిలో ఇవే ముఖ్యం. దోమల మందు కొట్టేవాళ్లు సాధారణంగా పైరెథ్రాయిడ్ జాతి మందును పొదల మీద, ఆకుల అడుగున పిచికారీ చేస్తారు, ఎందుకంటే పగటిపూట దోమలు దాగేది అక్కడే. ఆ మందుకు దోమ, ఈగ, సాలీడు, సీతాకోకచిలుక అనే తేడా లేదు. మీ పెరట్లో ఎన్ని ఎర్ర పూలు పెట్టినా, మందు పడుతున్నంత కాలం ఆ పిట్టకు అక్కడ సగం ఆకలి తీరదు. అందుకే ముందు ఆ ఒప్పందం రద్దు చేసుకోండి. తోట పని అక్కడ మొదలవుతుంది, నర్సరీలో కాదు.

దోమల భయం అనవసరమని నేను అనను. 2012లో డాలస్ ప్రాంతాన్ని వెస్ట్ నైల్ జ్వరం ఎంత పీడించిందో అప్పుడు ఇక్కడ ఉన్నవాళ్లకు తెలుసు. కానీ దోమను అది పుట్టే చోటే ఆపవచ్చు. కుండీల కింది పళ్లాలు, పైకప్పు అంచున ఉండే నీటి తూములు, పాప ఆటబొమ్మలు, ఎక్కడ నీరు నిలిచినా వారానికి రెండుసార్లు ఒంపేయండి. ఒంపడానికి వీలుకాని చోట బీటీఐ అనే బ్యాక్టీరియాతో చేసిన బిళ్లలు వేయండి. హార్డ్‌వేర్ దుకాణాల్లో "మస్కిటో డంక్స్" పేరుతో దొరుకుతాయి. అవి నీటిలోని దోమ పిల్లలను చంపుతాయి, పక్షులకు హాని చేయవు. సాయంత్రం బయట కూర్చునేటప్పుడు ఒక ఫ్యాన్ పెట్టుకుంటే ఆ గాలికి దోమ దగ్గరికి రాలేదు.

ఇదే సందర్భంలో ఇంకొక మాట. మందారానికి పిండినల్లి పట్టిందనో, గులాబీకి పేనుబంక పట్టిందనో కుండీలో గుళికల మందు వేస్తుంటారు. వీటిలో చాలావాటిలో ఇమిడాక్లోప్రిడ్ అనే నియోనికోటినాయిడ్ జాతి పురుగుమందు ఉంటుంది. వేళ్ల ద్వారా పీల్చుకున్న ఆ మందు కొమ్మకూ, ఆకుకూ, చివరికి మకరందంలోకీ చేరుతుంది. అలాంటి కుండీని పిట్ట తాగే పూల పక్కన పెట్టకండి. కొత్త మొక్కలు కొనేటప్పుడు కూడా "వీటికి నియోనికోటినాయిడ్ మందు వాడారా" అని నర్సరీలో అడగండి. సూటిగా జవాబు చెప్పని చోట కొనవద్దు. అమ్మగారి కరివేపాకు కుండీకి పేనుబంక పడితే గొట్టంతో గట్టిగా నీళ్లు కొట్టి రాల్చేయడం చాలు.

ఇక పాప గమనించిన సంగతి. మెచ్చుకోవలసిన చూపు! మీ ప్రాంతంలో ఎక్కువగా కనిపించేవి రూబీ థ్రోటెడ్, బ్లాక్ చిన్‌డ్ అనే రెండు రకాలు. రూబీ థ్రోటెడ్‌లో కెంపు రంగు గొంతు ఎదిగిన మగదానికే ఉంటుంది. మగవి ముందుగానే దక్షిణానికి బయలుదేరతాయి. ఆగస్టు చివర నుంచి మీకు కనిపించేవాటిలో ఎక్కువ భాగం ఆడపిట్టలు, ఈ ఏడాది పుట్టిన పిల్లలు. వాటి గొంతు తెల్లగా ఉంటుంది. మీ పెరట్లో ఆగినది కూడా అలాంటిదే అయి ఉండాలి. అది రెండు రోజులకే వెళ్లిపోయిందని బాధపడకండి, అది ప్రయాణంలో ఉంది. సుమారు 3 గ్రాముల ఆ ప్రాణి సముద్రయానానికి ముందు కొవ్వు పట్టి దాదాపు రెట్టింపు బరువుకు చేరుతుంది. ఆ తర్వాత వీటిలో కొన్ని మెక్సికో సింధుశాఖ మీదుగా ఎక్కడా వాలకుండా 800 కిలోమీటర్లకు పైగా ఎగిరి దాటుతాయి. మరికొన్ని టెక్సస్ తీరం వెంబడే దక్షిణానికి దిగుతాయి. చలికాలం గడిపేది మెక్సికోలోనూ మధ్య అమెరికాలోనూ. ఈ ఏడాది గుడ్డులోంచి వచ్చిన పిల్ల కూడా తల్లి తోడు లేకుండా, దారి చూపేవాళ్లు ఎవరూ లేకుండా ఒంటరిగానే ఆ ప్రయాణం చేస్తుంది. ఈ మాట మీ పాపకు తప్పకుండా చెప్పండి.

సెలవు దొరికితే సెప్టెంబరులో మీ రాష్ట్రంలోనే తీరాన ఉన్న రాక్‌పోర్ట్ ఊరికి వెళ్లిరండి. దాటబోయే ముందు ఈ పిట్టలు అక్కడ పెద్ద సంఖ్యలో ఆగుతాయి. 1930లలో ఆ ఊరికి వచ్చి స్థిరపడిన కాన్నీ హేగర్ అనే ఆవిడ ఏళ్ల తరబడి రోజూ పక్షులను చూసి రాసిపెట్టడం వల్లే ఆ సంగతి లోకానికి తెలిసింది. ఇప్పుడు ప్రతి సెప్టెంబరులో అక్కడ హమ్మింగ్‌బర్డ్‌ల పేరుతోనే ఒక ఉత్సవం జరుగుతుంది.

అమ్మగారి మాటకు వస్తాను. మన తేనెపిట్ట, ఈ హమ్మింగ్‌బర్డ్ ఒకటి కావు, చుట్టాలు కూడా కావు. హమ్మింగ్‌బర్డ్‌లు అమెరికా ఖండాల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. తేనెపిట్టలు ఆసియా, ఆఫ్రికా వైపువి, పిచ్చుకల వర్గానికి దగ్గరవి. ఒకే రకమైన తిండికి అలవాటు పడినందువల్ల రెండింటికీ సన్నని పొడుగాటి ముక్కు, మెరిసే రంగులు వచ్చాయి. తేడా చూడాలంటే పువ్వు దగ్గర చూడండి. తేనెపిట్ట ఎక్కువగా కొమ్మ పట్టుకుని వాలి తాగుతుంది. హమ్మింగ్‌బర్డ్ సెకనుకు 50 సార్లకు పైగా రెక్కలాడిస్తూ గాలిలో నిలబడి తాగుతుంది, వెనక్కి కూడా ఎగురుతుంది. ఆ తేడా వల్లే ఈ పిట్టకు నచ్చే పువ్వులు కూడా వేరు. వాలడానికి చోటు లేకుండా వేలాడే పొడుగాటి గొట్టం పువ్వు దాని కోసమే పుట్టినట్టుంటుంది.

బెల్లం మాత్రం వద్దు. మనుషులకు మంచిదని మనం చెప్పుకునే ఆ ఇనుమే ఈ పిట్ట ఒంట్లో పేరుకుని కీడు చేస్తుంది. తేనె కూడా వద్దు, నీళ్లు కలపగానే పులిసి బూజు పడుతుంది. గోధుమరంగు చక్కెర, తీపి మాత్రలు ఏవీ పనికిరావు. మీరు కొన్న ఎర్ర ద్రవాన్ని కూడా పారబోయండి, ఆ రంగు ఎవరికీ అవసరం లేదు. ఫీడర్ మీద ఉండే ఎర్ర ప్లాస్టిక్ పువ్వు పిట్టను పిలవడానికి చాలు. మామూలు తెల్ల పంచదార 1 కప్పు, నీళ్లు 4 కప్పులు. గోరువెచ్చని నీటిలో కరిగించి చల్లార్చి పోయండి. మిగిలినది ఫ్రిజ్‌లో పెట్టుకుంటే వారం వాడుకోవచ్చు. మీ ఊరి ఎండకు ఫీడర్‌లో ఉన్నది ఒక్క రోజులోనే పులవడం మొదలవుతుంది. 90 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన రోజుల్లో రోజూ మార్చాలి, చల్లబడ్డాక రెండు మూడు రోజులకోసారి. ప్రతిసారీ వేడినీళ్లతో బ్రష్షు పెట్టి కడగండి. నల్లటి మచ్చ కనిపిస్తే వెనిగర్ కలిపిన నీటిలో నానబెట్టి రుద్దండి. అంత ఓపిక లేని వారం వస్తే ఫీడర్ తీసి లోపల పెట్టండి. మురికి ఫీడర్ కంటే ఖాళీ కొక్కెం నయం. చీమల కోసం వేలాడే తీగకు నూనె రాయమని ఎవరైనా చెబితే వినకండి, అది ఈకలకు అంటితే పిట్ట ఎగరలేదు. తీగ మధ్యలో నీళ్లు నింపే చిన్న గిన్నె ఒకటి దొరుకుతుంది, అది చాలు. ఫీడర్‌ను ఓక్ నీడలోనో, కిటికీకి 3 అడుగుల లోపునో కట్టండి. మధ్య దూరంలో ఉంటే పిట్ట వేగం పుంజుకుని అద్దానికి గుద్దుకునే ప్రమాదం ఉంది.

ఇప్పుడు మొక్కలు. మీరు ఇష్టంగా తెచ్చినవాటిని తప్పుపట్టడం నాకు కష్టంగానే ఉంది. కానీ ముద్ద మందారంలో రేకుల మీద రేకులు అడ్డుపడి పిట్ట ముక్కు మకరందం దాకా పోదు. ఒంటి రేక మందారం నయం. గులాబీలో దానికి దొరికేది ఏమీ లేదు. కాగితం పూలలో రంగుగా కనిపించేది పువ్వు కాదు, రంగు ఆకు. లోపల తెల్లగా ఉండే చిన్న గొట్టమే పువ్వు. ఇవన్నీ పూజకూ, కంటికీ ఉంచుకోండి. చలికాలంలో మందారం కుండీలను ఇంట్లోకి తీసుకుపోవాలి కాబట్టి, పిట్ట తోట వాటి మీద ఆధారపడకూడదు.

నేలను గురించి అమ్మగారిని అడగండి. డాలస్ నుంచి ఫ్రిస్కో దాకా ఉన్నది బ్లాక్‌లాండ్ అనే నల్లమట్టి. గుంటూరు నల్లరేగడి, ఇది మృత్తిక శాస్త్రం ప్రకారం ఒకే వర్గం. రెండింటిలోనూ పత్తి పండింది, రెండూ వానకు ఉబ్బి ఎండకు చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుకుంటాయి, రెండింటిలోనూ సున్నం ఎక్కువ. కాబట్టి మీ ఇంట్లో ఈ నేల తెలిసిన మనిషి ఇప్పటికే ఉంది. తడిసి ముద్దగా ఉన్నప్పుడు పార వేయకూడదని, అలా వేస్తే గట్టిపడిన బెడ్డలు మిగులుతాయని ఆవిడకు చెప్పనక్కర్లేదు. గుంతలో మాత్రమే మంచి మట్టి నింపితే వాన నీరంతా అందులో నిలిచి వేరు కుళ్లుతుంది. అందుకని గుంత గుంతగా కాకుండా మడి మొత్తం 4 అంగుళాల మందాన కంపోస్టు పరిచి కలపండి. దానికి తోడు ఎక్స్‌పాండెడ్ షేల్ అని కాల్చిన రాతి ముక్కలు ఇక్కడి నర్సరీల్లో అమ్ముతారు, అవి కలిపితే మట్టి ఏళ్ల తరబడి గుల్లగా ఉంటుంది. మొక్కను చుట్టూ నేల కంటే రెండు అంగుళాలు ఎత్తుగా నాటండి. పైన చెక్కపొట్టు కప్పండి, కాండానికి తగలనీయకండి.

అక్టోబరు రెండో వారం నాటడానికి చక్కటి సమయం. ఎండ తగ్గి ఉంటుంది, నేల ఇంకా వెచ్చగా ఉంటుంది, తొలి మంచు సాధారణంగా నవంబరు రెండో సగంలో గానీ పడదు. ఆలోగా వేరు పట్టుకుంటుంది. అమ్మగారు వెళ్లేలోపు పని పూర్తవుతుంది. మొక్కలు ఈ గడ్డవే అయి ఉండటం మంచిది. 2021 ఫిబ్రవరిలో డాలస్‌లో ఉష్ణోగ్రత సున్నాకు దాదాపు 19 డిగ్రీల సెల్సియస్ కిందికి పడిపోయింది. అలాంటి చలికి పైభాగం మాడినా వేరు నుంచి మళ్లీ చిగురించే శక్తి ఈ ప్రాంతపు మొక్కలకు ఉంటుంది.

ఓక్ చెట్టు కింద మూడు టర్క్స్ క్యాప్ మొక్కలు పెట్టండి. ఒక్కదాన్నే ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను. ఇది మందారం కుటుంబంలోనిది. మన వైపు తోటల్లో విచ్చుకోకుండా ముడుచుకునే ఉండే ఎర్ర మందారం ఉంటుంది కదా, దాని దగ్గరి చుట్టం. పొడి నీడలో, చెట్టు వేళ్ల పోటీలో కూడా బతుకుతుంది. వేసవి మొదట్లో పూయడం మొదలుపెట్టి మంచు పడేదాకా ఆపదు. పిట్టలు ప్రయాణంలో దిగే సెప్టెంబరులో నిండుగా ఉంటుంది. ఒక్కో మొక్కకు నాలుగైదు అడుగుల చోటు ఇవ్వండి, బాగా విస్తరిస్తుంది.

ఎండ పడే చోట ఆటమ్ సేజ్. ఇది సాల్వియా జాతి పొద, ఎరుపు, గులాబీ, ఇంకా చాలా రంగుల్లో దొరుకుతుంది, మీరు ఎరుపు తీసుకోండి. మూడడుగుల ఎడంతో నాలుగైదు మొక్కలు వేస్తే వసంతంలో ఒకసారి, ఎండలు తగ్గాక మరోసారి కమ్మేస్తుంది. ఫిబ్రవరి మధ్యలో మూడో వంతు కత్తిరించాలి. నీళ్లు ఎక్కువైతేనే చస్తుంది, పచ్చిక తడిపే స్ప్రింక్లర్ నీళ్లు దాని మీద పడకుండా చూసుకోండి. దాని వెనక ఫ్లేమ్ అకాంథస్. మన కనకాంబరం కుటుంబమే, నారింజ ఎరుపు గొట్టాలు, జూలై ఎండలో మిగతావన్నీ వాడిపోయినప్పుడు ఒక్క వాన పడితే విరగపూస్తుంది. ఇది చలికాలంలో ఎండు పుల్లల్లా మారుతుంది, ఏప్రిల్ దాకా చిగురు పెట్టకపోవచ్చు. చచ్చిపోయిందని పీకేయకండి, చాలామంది పీకేస్తారు. మూలన ఒక రెడ్ యుక్కా పెడితే, వేసవి అంతా మనిషెత్తు కాడల మీద పగడపు రంగు గంటలు వేలాడతాయి. రోడ్ల పక్కన మీరు రోజూ చూసే మొక్కే అది.

కంచె మీదికి కోరల్ హనీసకిల్ తీగ. పేరు జాగ్రత్తగా చూసి కొనండి. జపనీస్ హనీసకిల్ అనే తెల్ల పూల తీగ వేరే, అది అడవుల్ని కప్పేసే రకం. కోరల్ రకం మార్చిలోనే పూస్తుంది, అప్పుడే తొలి పిట్టలు దక్షిణం నుంచి తిరిగి వస్తాయి. ఆకలితో వచ్చినప్పుడు ఇంకా పెద్దగా పూలుండవు కాబట్టి ఈ ఒక్క తీగ విలువ చాలా ఎక్కువ. ట్రంపెట్ వైన్ కూడా పిట్టకు ఇష్టమే, కానీ 20 అడుగుల పెరట్లో వద్దు. వేళ్ల నుంచి పిలకలు వేసి పచ్చికలోకీ, పక్కింట్లోకీ పోతుంది. వీటిలో ఏదైనా మీ నర్సరీలో దొరక్కపోతే, ఆస్టిన్‌లోని లేడీ బర్డ్ జాన్సన్ వైల్డ్‌ఫ్లవర్ సెంటర్ వాళ్లు ఈ ప్రాంతపు మొక్కల వివరాలన్నీ అందరికీ అందుబాటులో ఉంచారు, అక్కడ చూడండి.

కాలనీ సంఘం గురించి పెద్దగా కంగారు పడకండి. నీరు తక్కువ తాగే మొక్కలతో తోట వేసుకోవడాన్ని సంఘాలు పూర్తిగా నిషేధించకూడదని టెక్సస్‌లో 2013 నుంచి చట్టం ఉంది. ముందుగా ప్రణాళిక చూపించమని అడిగే హక్కు మాత్రం వాళ్లకు ఉంది. ఒక కాగితం మీద గీసి, మొక్కల పేర్లు రాసి ఇప్పుడే పంపండి.

పూలు వేసి, మందు మానేశాక, మీ వంతుగా ఇంకొన్ని చిన్న పనులు ఉన్నాయి. బాగా మగ్గిన అరటి తొక్కలు చిన్న జాలీ బుట్టలో వేసి పూల మధ్య వేలాడదీయండి. వాటికి మూగే సన్నటి ఈగలను పిట్ట గాలిలోనే పట్టుకుని తింటుంది. పండక్కి ఇల్లు శుభ్రం చేసేటప్పుడు లోపలి బూజు దులపండి, బయట చూరు కిందా, పొదల్లోనూ ఉన్న సాలెగూళ్లను వదిలేయండి. ఆడపిట్ట తన గూటిని మొక్కల నూగుతో అల్లి సాలె దారంతోనే కొమ్మకు కట్టుకుంటుంది. ఆ దారం సాగుతుంది కాబట్టి బఠాణీ గింజంత రెండు గుడ్లు పిల్లలై పెరిగేకొద్దీ గూడూ వాటితో పాటు వ్యాకోచిస్తుంది. గూడు కట్టడం, పొదగడం, మేపడం అన్నీ తల్లి ఒక్కతే చేసుకుంటుంది. ఎప్పుడైనా మీ ఓక్ కొమ్మ మీద గూడు కనిపిస్తే దూరం నుంచే చూడండి. దాన్ని తాకకండి, కదపకండి. గుడ్లో పిల్లలో ఉన్న గూటిని పాడుచేయడం వలస పక్షుల రక్షణకు 1918లో చేసిన చట్టం ప్రకారం నేరం కూడా.

ఫీడర్ ఉంచితే పిట్టలు వలస పోవడం మానేస్తాయని మీకు ఎవరైనా చెప్పవచ్చు. అలా జరగదు. వాటిని కదిలించేది పగటి వెలుగు తగ్గడం. అందుకని అక్టోబరు అంతా నింపుతూనే ఉండండి, వెనకబడి వచ్చే బక్క పిట్టకు అదే ఆధారం. ఆ తర్వాత కూడా ఒక ఫీడర్‌ను చలికాలమంతా ఉంచమని నా సలహా. పశ్చిమాన, అలాస్కా దాకా గూళ్లు కట్టే రూఫస్ అనే ఇటుక రంగు రకం కొన్నిసార్లు చలికాలంలో టెక్సస్‌కు వస్తుంది. గడ్డకట్టే రాత్రి ఫీడర్‌ను లోపలికి తెచ్చుకుని, తెల్లవారకముందే మళ్లీ బయట కట్టండి. చలి రాత్రి ఒంటి వేడి తగ్గించుకుని మొద్దు నిద్రలో గడిపిన పిట్ట లేవగానే వెతికేది తిండినే. మార్చి మధ్యకల్లా రెండో ఫీడర్ కూడా సిద్ధం చేసి, మొదటిది కనబడని వైపున కట్టండి. ఒక మగపిట్ట రెండింటికీ కాపలా కాయలేదు, మిగతావాటికీ తాగే వీలు దొరుకుతుంది.